అర కట్ట పాలకూర

జోగిపేట,
6 నవంబరు 2024.

మరదలికి సలోమి వదిన వందనాలు.

సోమవారం పొద్దుగూకక ముందే ఇల్లు చేరాను. బస్సులో కిటికీ పక్కన కూర్చోవడం నా పొరపాటు. ఆ గాలికి మిగిలిన ఎడమ చెవి కూడా మూతపడింది. ఇక ఫోను చెవికి ఆనించుకున్నా ఒకటే, లేకున్నా ఒకటే. నాతో ఏం చెప్పాలన్నా ఉత్తరం రాయి. నా కోళ్లు నాలుగు రోజులు పక్కింటి బుచ్చమ్మ వేసిన గింజలు తిని నన్ను మర్చిపోయాయి.

అసలు సంగతికి వస్తాను. మీ ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ మధ్యాహ్నం నా తమ్ముడి కంచంలో పాలకూర చూశాను. నోటిదాకా వచ్చిన మాట మింగాను. వాడి ముందు అంటే వాడు బాధపడతాడని.

నేను మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్లు ఆయాగా చేశాను. యెషయా లాగా గుండెకు వాల్వు వేయించుకున్నవాళ్లను ఎంతమందిని ఎత్తి కూర్చోబెట్టానో నాకే తెలియదు. రక్తం గడ్డకట్టకుండా వాళ్లకు గోళీలు ఇస్తారు. ఆ గోళీలు వాడేవాళ్లు ఆకుకూరలతో జాగ్రత్త అని వార్డు గోడ మీద పెద్ద అక్షరాలతో ఉండేది. ఆకులోని సత్తువ గోళీని పని చేయనివ్వదు. అప్పుడు వాల్వు మీద రక్తం పేరుకుంటుంది. అది ఊడి మెదడుకు పోతే మనిషి మంచాన పడతాడు. అలాంటివాళ్ల దుప్పట్లు మార్చిన చేతులు ఇవి.

నువ్వు బోయిన్‌పల్లి మార్కెట్లో ఆకులమ్మే మనిషివి. అమ్ముడుపోని కట్టలు పారేయడానికి మనసొప్పదు, అది నాకు అర్థమవుతుంది. కాని నా తమ్ముడి కడుపు చెత్తకుండీ కాదు. పెళ్లి బ్యాండులో బూర ఊదితే కార్ఖానా రోడ్డంతా వినిపించిన ఛాతీ అది. ఇప్పుడు చర్చి కోయిర్‌లో పాట పాడడానికన్నా దాన్ని మిగలనివ్వు.

మీ మేలు కోరే,
సలోమి

*

బోయిన్‌పల్లి,
15 నవంబరు 2024.

వదినకు కల్పలత నమస్కారాలు.

మీ ఉత్తరం మార్కెట్లోనే, గోనెసంచి మీద కూర్చుని చదివాను. నేను చదివే సందులో ఎవరో రెండు కట్టల కొత్తిమీర ఎత్తుకుపోయారు. ఆ పాపంలో సగం మీది.

మీరు ఆ గోడ మీది మాట సగమే చదివారు వదినా. ఆకుకూర తినొద్దని మా డాక్టరు ఎన్నడూ చెప్పలేదు. ఎక్కువ తక్కువలు చేయొద్దన్నాడు. ఆపరేషన్ అయిన రోజుల్లో నన్ను కూర్చోబెట్టి, "చూడమ్మా, ఈయన ఎంత ఆకుకూర తింటడో రోజూ గంతే పెట్టు. దాన్ని బట్టే నేను గోళీ రాస్త. నువ్వు పెంచినా తక్లీఫే, బంద్ చేసినా తక్లీఫే" అన్నాడు. నాకు అది బాగా అర్థమైంది. నేను ఆకుల మనిషిని కదా.

పొద్దున బండ్లు రాగానే నేను మొదట తీసి పక్కన పెట్టే కట్ట మీ తమ్ముడిదే. అందులో సగం కోస్తాను. వండితే చిన్న గిన్నెడు అవుతుంది. ఎండాకాలం కట్టలు చిక్కిపోతాయి కాబట్టి అప్పుడు కట్టను నమ్మను, గిన్నెనే నమ్ముతాను. ఆదివారం కోడికూర వండినా ముందు ఆ గిన్నె ఖాళీ కావాల్సిందే. నెలనెలా రక్తం తీసి ఒక అంకె చెప్తారు. అది రెండున్నరకూ మూడున్నరకూ మధ్య ఉండాలి. తగ్గితే రక్తం గడ్డకడుతుంది, పెరిగితే ఆగకుండా కారుతుంది. నాలుగేళ్లుగా ఆయనది మూడుకు అటూఇటూ కదలలేదు. ల్యాబు పిల్ల కూడా "అంకుల్, మీరు ఫస్ట్ ర్యాంకు" అంటుంది.

అమ్ముడుపోని కట్టలన్న మాట మాత్రం నాకు గుచ్చుకుంది. పెళ్లయి పద్దెనిమిది ఏళ్లయింది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు, మీరు ఆ సగం కూడా నా మీద కోపానికే వాడుకుంటారు. అయినా చెవికి చల్లగాలి తగలనివ్వకండి. వెచ్చటి గుడ్డ కట్టుకోండి.

ఉంటాను.
కల్పలత

*

జోగిపేట,
24 నవంబరు 2024.

మరదలికి,

నాకు డాక్టరు పాఠం చెప్పే అంతదానివయ్యావు. సంతోషం. పదో తరగతి చదివి ఆకులు అమ్మేదానికి తెలిసింది, ముప్పై ఒక్క ఏళ్లు వార్డులో నడిచినదానికి తెలియదు.

నేను మీ జకర్యా అయ్యగారికి ఉత్తరం రాశాను. పాస్టరు మాటైనా నీ చెవికెక్కుతుందని. నాకు చెవులు పోయాయి, నీకు ఉండీ వినవు. కడుపున ఒక బిడ్డను మోసి ఉంటే ఎవరికి ఏం పెట్టాలో దానంతట అదే తెలిసి ఉండేది. దేవుడు ఎందుకు ఇవ్వలేదో ఆయనకే ఎరుక. యెషయాకు తల్లి పోయినప్పుడు తొమ్మిదేళ్లు. వాడికి నేను ముద్దలు కలిపి పెట్టి పెంచాను. నీ చేతిలో పెట్టినప్పుడు అరవై ఎనిమిది కిలోలున్నాడు, మొన్న చూస్తే మెడ ఎముకలు కనిపిస్తున్నాయి.

ఆ పాలకూర బంద్ చేయి. ఇది నీకు నా చివరి మాట.

సలోమి

*

బోయిన్‌పల్లి,
18 డిసెంబరు 2024.

వదినకు,

మీ మాట నెగ్గింది. డిసెంబరు ఒకటో తేదీ నుంచి మీ తమ్ముడి కంచంలో ఒక్క ఆకు పడలేదు.

ఆ రోజు ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర, స్త్రీల మైత్రి సంఘం వాళ్లందరి ముందు జకర్యా అయ్యగారు నన్ను ఆపారు. "కల్పలతమ్మా, మీ ఆడబిడ్డ చాన పరేషాన్ అయి రాసింది. ఆ ఆకులు జెర బంద్ చెయ్యరాదూ" అన్నారు. అందరూ నా చేతుల వంక చూశారు. నేను ఇంటికి వచ్చి పొయ్యి మీది పాలకూర తీసుకెళ్లి గేదెలకు వేశాను.

మీ తమ్ముడు మొదటి రోజు కంచం చూసి, "ఇదేందే, ఆకు లేకుంటే నాకు ముద్ద దిగుతలేదు" అన్నాడు. "మీ అక్కను అడుగు" అన్నాను. రెండో రోజు అడగలేదు. ఆయన సంగతి మీకు తెలుసుగా, ఎవరు ఏం పెడితే అది తింటాడు.

పన్నెండో రోజు క్రిస్మస్ పాటల ప్రాక్టీసులో ముక్కు నుంచి రక్తం మొదలైంది. రెండు తువ్వాళ్లు తడిసినా ఆగలేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. అంకె ఆరు. ఆకు ఆగిపోయేసరికి ఆ గోళీ అడ్డూ అదుపూ లేకుండా పనిచేసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

డాక్టరు మిమ్మల్ని కాదు, నన్ను తిట్టాడు. తర్వాత రెండు దార్లు చెప్పాడు. పాత లెక్కన ఆకుకూర మళ్లీ మొదలుపెడితే గోళీలు పాత లెక్కనే ఇస్తాడు. లేదా ఆకు పూర్తిగా మానేస్తే గోళీ తగ్గిస్తాడు. ఏదో ఒకటి తేల్చుకొని దాని మీదే ఉండమన్నాడు. మీ తమ్ముడు నా ముఖం చూశాడు. నేను "ఆకు వద్దు సార్" అన్నాను. ఇంటి పెద్ద ఆడబిడ్డ ఆజ్ఞ అని కూడా చెప్పాను. రెండు గోళీలు ఒకటిన్నర అయ్యాయి.

ఇప్పుడు మీ ప్రాణం హాయిగా ఉండాలి.

కల్పలత

*

జోగిపేట,
9 జనవరి 2025.

మరదలికి,

నా తమ్ముడికి రెండు తువ్వాళ్ల రక్తం పోయిందని ఎంత చల్లగా రాశావు. చదివి నేను రెండు పూటలు అన్నం ముట్టలేదు. ఆకు మానితే ఎవరికైనా రక్తం కారుతుందా? గోళీలు ఇవ్వడంలో నువ్వే ఏదో పొరపాటు చేశావు. చేసి నా మీదకు తోశావు.

కొత్త సంవత్సరం ఆరాధన ఫోటోలో వాణ్ణి చూశాను. బుచ్చమ్మ మనవరాలు తన ఫోనులో చూపించింది. సున్నం కొట్టిన గోడలాగా తెల్లగా ఉన్నాడు. మార్చిలో శ్రమ దినాలు మొదలవుతాయి. ఆ నలభై రోజులు వాణ్ణి నా దగ్గరకు పంపు. ఉపవాస కాలం కాబట్టి మాంసం ఉండదు, కాని కడుపు నింపి పంపుతాను. వాడి మొహంలో రక్తం చూస్తేగాని నాకు నిద్ర రాదు.

వద్దంటావేమో. వద్దంటే నేనే వచ్చి మీ గుమ్మంలో కూర్చుంటాను.

సలోమి

*

బోయిన్‌పల్లి,
2 మార్చి 2025.

వదినకు,

ఈ కాగితం మీ తమ్ముడి జేబులోనే పెట్టి పంపుతున్నాను. మీరు గుమ్మంలో కూర్చునే అవసరం రాకూడదని పంపుతున్నాను తప్ప నాకు ఇష్టమై కాదు.

గోళీ సాయంత్రం ఆరింటికి, ఒకటిన్నర. ఈ ఒకటిన్నర ఆకు తినని మనిషికి రాసినది. కాబట్టి పాలకూర, తోటకూర, గోంగూర, మెంతికూర, ఏ కూరా ఒక్క రెమ్మ పెట్టొద్దు. దగ్గు వచ్చినా, ఒళ్లు నొప్పులన్నా దుకాణంలో అడిగి ఏ గోళీ కొనివ్వొద్దు. ఇరవై ఒకటో తేదీ శుక్రవారం సంగారెడ్డిలో రక్తపరీక్ష. చీటీ గోళీల డబ్బాలో ఉంది. పోయిన పరీక్షలో అంకె రెండు పాయింట్ ఏడు. నేను అలా పంపుతున్నాను, మీరు అలాగే తిరిగి పంపండి.

ఆయన వెళ్లేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, "మీ ఇద్దరి నడుమ నేను కబడ్డీ గీత లెక్క అయిన" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

కల్పలత

*

జోగిపేట,
10 మార్చి 2025.

మరదలికి వందనాలు.

నీ ఆజ్ఞలన్నీ చదివాను. నువ్వు చెప్పిన కూరల్లో ఒక్క రెమ్మ కూడా ఈ ఇంటి గడప దాటలేదు. ఆకుకూర విషమని మొదట చెప్పిందే నేను, నాకు నువ్వు జాబితా రాసి పంపడం విడ్డూరం.

ఇక విను. యెషయా వారం రోజుల్లోనే మనిషయ్యాడు. బుగ్గల్లో నెత్తురు కనిపిస్తోంది. ఏం చేశావని అడుగుతావు. బుచ్చమ్మ పెరట్లో మునగ చెట్టు ఉంది. ఆ ఆకు నీడలో ఎండబెట్టి, దంచి, జల్లించి సీసాకు ఎత్తాను. పొద్దున రెండు చెంచాలు, రాత్రి రెండు చెంచాలు జొన్న గంజిలో కలిపి పోస్తున్నాను. మా ఆసుపత్రిలో బాలింతలకు రక్తం పట్టడానికి పెద్ద నర్సమ్మ ఇదే పొడి ఇచ్చేది. ఇది కూర కాదు, మందు. నీ పద్దెనిమిది ఏళ్ల వంటలో ఇంత పని చేసింది ఒక్కటీ లేదు.

నిన్న గంజి తాగి మూతి తుడుచుకుంటూ, "అక్కా, గిట్ల కడుపునిండ తాగి ఎన్ని దినాలాయె" అన్నాడు. చెవులు లేకపోయినా ఆ మాట వాడి పెదవుల మీద చదువుకున్నాను. సాయంత్రం వరండాలో కూర్చుని పాడుతున్నాడు. వినబడకపోయినా మెడ నరం కదలడం చూస్తూ కూర్చున్నాను.

దీనికి జవాబు రాస్తే కృతజ్ఞతలు చెప్పడానికే రాయి. దెప్పడానికైతే తపాలా బిళ్ల దండగ.

సలోమి

*

జోగిపేట,
1 ఏప్రిల్ 2025.

కల్పలతకు,

ఆసుపత్రి వరండాలో మూడు రోజులు ఒకే బెంచీ మీద కూర్చున్నాం. నువ్వు తల ఎత్తలేదు. అందుకే రాస్తున్నాను.

పందొమ్మిదో తేదీ పొద్దున ఏం జరిగిందో నీకు ఎవరూ సరిగా చెప్పి ఉండరు. గంజి గ్లాసు అందుకోబోయాడు, చెయ్యి గ్లాసు దాటి పక్కకు పోయింది. మూతి ఒక వైపు లాగింది. కింద పడుతుంటే పట్టుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు ఇలాంటివాళ్లను చూశాను కాబట్టి ఏమైందో నాకు వెంటనే తెలిసింది. ఆసుపత్రిలో డాక్టరు వాల్వు మీద గడ్డకట్టి మెదడుకు పోయిందన్నాడట. అంకె ఒకటి పాయింట్ రెండు.

గోళీ తగ్గించింది నువ్వూ మీ డాక్టరూ. రెండు గోళీలు ఉంటే ఇది జరిగేది కాదు. ఈ మాట నేను ఎక్కడైనా అంటాను.

డాక్టరు కాగితం మీద రాసి అడిగాడు, ఆకుకూరలు గాని, ఆకుల పొడులు గాని, నాటు మందులు గాని ఏమైనా ఇచ్చారా అని. నేను తల అడ్డంగా ఊపాను. గంజి మాత్రమే అన్నాను. గంజి ఇచ్చిన మాట నిజమే కదా.

మార్చి పదో తేదీన నీకొక ఉత్తరం రాశాను. నువ్వు జవాబివ్వలేదు కాబట్టి అది చేరలేదనే అనుకుంటున్నాను. ఒకవేళ చేరి ఉంటే పొయ్యిలో పెట్టేయి. పాత కాగితాలు ఇంట్లో ఉంచుకుంటే చెదలు పడతాయి.

వాణ్ణి చూడడానికి రావచ్చునా? ఎలా ఉన్నాడు? మాట వచ్చిందా? ఒక్క ముక్క రాయి. నీకు దండం పెడతాను.

సలోమి వదిన

*

బోయిన్‌పల్లి,
2 మే 2025.

సలోమి వదినకు,

మీ పదో తేదీ ఉత్తరం చేరింది. మార్చి పదమూడు, గురువారం మధ్యాహ్నం చేరింది. పోస్టు ముద్ర కూడా స్పష్టంగా ఉంది. పొయ్యిలో పెట్టలేదు.

మీరు నాకు దండం పెట్టొద్దు. ముందు ఇది చదవండి.

నేను ఆకులు అమ్మేదాన్ని. మునగాకు అంటే ఏమిటో మీ పెద్ద నర్సమ్మ కంటే నాకు బాగా తెలుసు. పచ్చి ఆకు గంపెడు ఎండితే సీసాడు పొడి అవుతుంది. మీరు రోజూ పోసిన నాలుగు చెంచాల ముందు నా అర కట్ట ఎంత? అది కూర కాదు మందని మీరు రాసిన వాక్యం రెండోసారి కూడా చదివాను. మీకు ఫోను వినబడదు. కాని మీ తమ్ముడికి వినబడుతుంది. నేను రోజూ సాయంత్రం మాట్లాడుతూనే ఉన్నాను. ఆ గురువారం కూడా మాట్లాడాను. "ఏం తిన్నవ్" అన్నాను. "గంజి తాగిన. మంచిగున్న. నువ్వు లొల్లి పెట్టకు" అన్నాడు.

"ఆ గంజి తాగకు" అనాలి. మూడు మాటలు. అవి నా నోట్లోనే ఉన్నాయి.

నేను అనలేదు వదినా. ఇరవై ఒకటో తేదీ పరీక్ష ఉంది కదా అనుకున్నాను. అంకె కొంచెం పడిపోతుంది, డాక్టరు అడుగుతాడు, మీ సీసా బయటపడుతుంది. ఆ చీటీ పట్టుకుని జకర్యా అయ్యగారి దగ్గరికి, చెప్పుల దగ్గర నా చేతులు చూసిన ఆడవాళ్లందరి దగ్గరికి పోదామనుకున్నాను. బిడ్డను మోయలేదన్నారే, ఆ మాటకు కూడా అదే జవాబవుతుందనుకున్నాను. ఎనిమిది రోజులే కదా, ఇంతలో ఏమవుతుందిలే అనుకున్నాను. శుక్రవారం, శనివారం, ఆదివారం, రోజూ అడిగాను, "ఏం తిన్నవ్" అని. రోజూ గంజి అనే చెప్పాడు. మంగళవారం, "చెయ్యి జెర తిమ్మిరెక్కుతుంది, రాత్రి వంకర పండుకున్ననేమో" అన్నాడు. అప్పుడు భయం వేసింది. అయినా మూడు రోజులే కదా అనుకున్నాను. బుధవారం పొద్దున బుచ్చమ్మ మనవరాలు ఫోను చేసింది.

అత్త మీది కోపం దుత్త మీద అంటారు. నేను మీ మీది కోపాన్ని ఆయన గంజిలో చూస్తూ ఊరుకున్నాను. డిసెంబరులో "ఆకు వద్దు సార్" అన్నప్పుడు కూడా అంతే చేశాను.

కాబట్టి మీ ఉత్తరం ఎవరికీ చూపించను, భయపడకండి. చూపిస్తే పొడి ఎవరు పోశారని అడుగుతారు. ఆ తర్వాత పోస్టు ముద్ర మీది తేదీ చూసి, ఆరు రోజులు ఏం చేశావమ్మా అని నన్ను అడుగుతారు. అది బియ్యం డబ్బాలో అడుగున ఉంది. నేను పోయినా మీరు పోయినా, తప్పంతా పోయినవాళ్ల మీద వేయడానికి రెండో మనిషికి పనికొస్తుంది.

ఆయన సంగతి అడిగారు. కుడి చెయ్యి, కుడి కాలు లేవవు. నేను మార్కెట్ మానేశాను. పాత లెక్కకే వచ్చాం, రెండు గోళీలు, అర కట్ట పాలకూర. మింగలేడు కాబట్టి మెత్తగా రుబ్బి చెంచాతో పెడుతున్నాను. నిన్న పరీక్ష చేయించాను. రెండు పాయింట్ ఎనిమిది. డాక్టరు, "నీ లెక్క చూసుకునేటోళ్లు ఉండరమ్మా" అన్నాడు. ల్యాబు పిల్ల చీటీ మడిచి నా చేతిలో పెట్టింది.

మాట వచ్చిందా అన్నారు. వచ్చింది. ఒక్కటే వచ్చింది. ఇంకెన్ని చెప్పించినా రావని డాక్టరు అన్నాడు. నీళ్లు కావాలన్నా, పక్క తడిసినా, ఈగ వాలినా, నేను కనబడకపోయినా ఆయన ఆ ఒక్క మాటే అంటాడు. "అక్కా" అంటాడు.

మీరు రావచ్చు. ఆయన పిలిస్తే మీకు ఎలాగూ వినబడదు.

నేను పలుకుతున్నాను.

కల్పలత